ఏడు కిలోల బిడ్డ, పన్నెండు వందల కిలోమీటర్ల దారి

దుబాయ్ నుంచి ఒమన్‌లోని సలాలాకు రోడ్డు మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. పెద్దవాళ్లు మాత్రమే అయితే పొద్దున్నే బయల్దేరి, ఇద్దరు మార్చి మార్చి నడుపుకుంటూ రాత్రికల్లా చేరిపోతారు. కారులో ఆర్నెల్ల బిడ్డ ఉంటే ఆ లెక్క పనిచేయదు. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే గంటలు బిడ్డకు పట్టవు. దాని మెడ, చర్మం, ఒంట్లో నీరు, నిద్ర ఏం చెబితే అదే టైంటేబుల్.

ఈ దారి పట్టేవాళ్లలో మన ఇందూరు జిల్లావాళ్లు తక్కువేం కాదు. డిచ్‌పల్లి, ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్ పల్లెల నుంచి రెండు మూడు తరాలుగా గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. అందరికీ భార్యాపిల్లలను పిలిపించుకునే వీలుండదు. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతమైనా ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చిన ఇల్లైనా ఉండాలి. లేబర్ క్యాంపులో పై బెర్తు మీద పడుకునే మనిషికి ఇది అందే లెక్క కాదు. అందిన కొద్దిమందిలో డ్రైవర్లు, టెక్నీషియన్లు, షాపుల్లో సూపర్‌వైజర్లు ఉంటారు. వేసవి సెలవులకు ఇండియా టికెట్లు కొనలేకపోతే వాళ్లకు కనిపించే దారి సలాలా. అక్కడ జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా ఖరీఫ్ కాలం. చుట్టూ అరేబియా ఎడారి 45 డిగ్రీల్లో మాడిపోతుంటే సలాలాలో సన్నని తుంపర, పచ్చని కొండలు, కొబ్బరి చెట్లు, 27-28 డిగ్రీల పగలు.

దీనికి కారణమైన గాలి మన పొలాలకు కొత్తదేం కాదు. జూన్‌లో ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు కొమ్ములు నాటించే నైరుతి రుతుపవనమే అది. ఆఫ్రికా తూర్పు తీరం వెంబడి లేచి అరేబియా సముద్రం దాటి మన వైపు దూసుకొచ్చే ఆ గాలి ప్రవాహాన్ని 1969లో వివరించిన బ్రిటిష్ వాతావరణ శాస్త్రజ్ఞుడి పేరు మీద ఫిండ్లేటర్ జెట్ అంటారు. దాని అంచు ఒమన్ దక్షిణ తీరాన్ని రాసుకుంటూ పోతుంది. పోతూ పోతూ సముద్రం పైనీటిని తీరం నుంచి దూరంగా నెడుతుంది. ఆ ఖాళీలోకి లోతుల్లోని చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. తేమ నిండిన గాలి ఆ చల్లని నీటి మీదుగా వచ్చేసరికి మంచుగా, మబ్బుగా మారుతుంది. పైన ఎడారి నుంచి వచ్చిన వేడి పొడిగాలి కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ మబ్బు ఎత్తుకు లేవలేదు. కొండలకు అంటుకుని, చెట్ల ఆకులకు పట్టి, చుక్కలుగా కారుతుంది. కొండ దాటి ఉత్తరానికి పోతే మళ్లీ ఇసుకే. తుమ్‌రైత్ నుంచి సలాలా 80 కిలోమీటర్లే. అంతలోనే పది డిగ్రీలకు పైగా తేడా. ఆ తేడా బిడ్డ ఒంటి మీద ఏం చేస్తుందో తర్వాత చూద్దాం. అంతకుముందు తేలాల్సింది బిడ్డ ఎక్కడ కూర్చోవాలన్నది.

ఇక్కడే వీడియో కాల్‌లో పేచీ మొదలవుతుంది. డిచ్‌పల్లిలో ఉన్న నాయనమ్మ ఫోన్లో చూసి అంటుంది: "పసిపిల్లను ఒళ్లో పెట్టుకోక ఆ బుట్టల కట్టేసుడేంది బిడ్డా? ఏడుస్తలేదా?" కోడలు నవ్వి, "ఇక్కడ రూల్ అత్తమ్మా, ఫైన్ ఏస్తరు" అంటుంది. జవాబు నిజమే. ఎమిరేట్స్‌లో 2017 జూలై నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు కారులో ప్రత్యేక సీటు తప్పనిసరి. లేకపోతే 400 దిర్హాములు, నాలుగు బ్లాక్ పాయింట్లు. కానీ ఫైన్ గురించి చెప్పి ఊరుకుంటే నాయనమ్మకు అసలు సంగతి చెప్పనట్టే. ఒడి కన్నా భద్రమైన చోటు లేదని ఆమె జీవితమంతా నమ్మింది. ఇంట్లో, మంచం మీద, గుడిలో అది సత్యం కూడా. కదిలే కారులో మాత్రం కాదు.

లెక్క చేసి చూద్దాం. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఎదుటి బండికి గుద్దుకుని, ముందు భాగం నుజ్జయి, అరమీటరుకు కాస్త పైన, అంటే 60 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి. సెకనుకు 16.7 మీటర్ల వేగం ఆ కొద్ది దూరంలో సున్నా కావాలి. ఆ క్షణాన బిడ్డ మీద పనిచేసే త్వరణం భూమ్యాకర్షణకు 23 రెట్ల పైమాటే. ఏడు కిలోల బిడ్డను పట్టుకుని ఉండాలంటే తల్లి చేతులు 160 కిలోలకు పైగా బరువును ఆపాలి, అదీ సెకనులో పదో వంతు లోపు. ప్రపంచంలో ఏ తల్లి చేతికీ ఆ బలం లేదు. ఎత్తు లెక్కలో చెప్పుకుంటే, 60 వేగంతో గుద్దుకోవడం 14 మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. 100 వేగమైతే 39 మీటర్లు, పదమూడు అంతస్తుల భవనం. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఒకే బెల్టులో ఇద్దరినీ కలిపి బిగించడం ఇంకా ఘోరం: బెల్టుకూ తల్లి ఒంటికీ మధ్య బిడ్డ నలుగుతుంది.

సీటు ఉంటే సరిపోదు, అది ఎటు తిరిగి ఉందన్నదీ ముఖ్యమే. పుట్టిన బిడ్డ తల దాని పొడవులో నాలుగో వంతు, పెద్దవాళ్లలో ఏడెనిమిదో వంతు. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా ఎముకలు కావు, ముక్కల మధ్య మృదులాస్థి ఉంటుంది. అది గట్టిపడటానికి మూడు నుంచి ఆరేళ్లు పడుతుంది. లేత తీగకు గుమ్మడికాయ కాసినట్టుంటుంది ఆ కట్టడం. ముందుకు చూస్తూ కూర్చుంటే ఢీకొన్నప్పుడు ఒంటిని పట్టీలు ఆపుతాయి, తల మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది, మధ్యలో మెడ సాగుతుంది. అదే వెనక్కి చూస్తూ కూర్చుంటే తల, మెడ, వీపు ఒక్కసారిగా సీటు గుల్లలోకి ఒత్తుకుంటాయి. బలం ఒకచోట గుచ్చుకోకుండా వీపంతా పరుచుకుంటుంది. స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్‌కు ఈ ఆలోచన వచ్చింది అమెరికా జెమిని వ్యోమగాములు కూర్చునే తీరు చూసి. 1964లో ఆయన తయారు చేసిన నమూనాను వోల్వో కారులో పరీక్షించారు. ఇప్పటి ఐరోపా ప్రమాణం ఆర్129 ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. సరిగ్గా బిగించిన సీటు కార్లలో ఏడాది లోపు పిల్లల మరణాలను 71 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉండగా వెనక్కి తిరిగిన సీటు పెట్టడం మాత్రం ప్రాణాంతకం. సెకనులో ఇరవయ్యో వంతులో ఉబ్బే ఆ సంచి సరిగ్గా బిడ్డ తల వెనుక పేలుతుంది.

బిగించడంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ఏసీ గాలి తగులుతుందని బిడ్డను టర్కీ టవల్‌లో చుట్టి, దాని మీదుగా పట్టీలు వేస్తారు. గట్టిగా బిగించినట్టే కనిపిస్తుంది. ఢీకొన్న క్షణంలో ఆ టవల్ మడతల్లోని గాలంతా బయటికి పోయి పట్టీలు వదులవుతాయి, బిడ్డ వాటిలోంచి జారిపోతుంది. పలచటి బట్టలే వేసి, పట్టీలు బిగించాక, దుప్పటి పైనుంచి కప్పాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టు.

సీటుకూ ఒక హద్దుంది. వాలుగా కూర్చున్న పసిబిడ్డ తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుంటే సన్నని గాలిగొట్టం మడతపడుతుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పసికందులను కారు సీటులో, కారు కుదుపులను అనుకరించే యంత్రం మీద ఉంచి చూశారు. అరగంటలోనే గుండె, శ్వాస వేగాలు పెరిగాయి, రక్తంలో ఆక్సిజన్ కొంత తగ్గింది. అందుకే నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఇంటికి పంపేముందు కారు సీటులో కూర్చోబెట్టి ఆక్సిజన్ కొలిచి చూడాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మొదటి రెండు మూడు నెలల బిడ్డతో సలాలా రోడ్డు ప్రయాణం వద్దని నా అభిప్రాయం. విమానంలో రెండు గంటల లోపే పోవచ్చు. ఆర్నెల్ల బిడ్డతోనైనా ప్రతి రెండు గంటలకు ఒకసారి ఆపి, బిడ్డను సీటులోంచి తీసి, చదునుగా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ ఆడించనివ్వాలి. వెనక సీటులో బిడ్డ పక్కన పెద్దవాళ్లొకరు ఉండి గడ్డం ఎక్కడుందో చూస్తుండాలి. దిగాక హోటల్ గదిలో రాత్రంతా ఆ సీటులోనే నిద్రపుచ్చకూడదు.

ఈ రెండు గంటల నియమం పెట్టుకుంటే ఒక్కరోజు ప్రయాణం మూడు రోజులవుతుంది. మొదటి రాత్రి ఇబ్రీలోనో నిజ్వాలోనో, రెండో రాత్రి హైమాలో, మూడో రోజు మధ్యాహ్నానికి సలాలా. ఆదమ్ దాటాక హైమా మీదుగా తుమ్‌రైత్ దాకా రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. అటూ ఇటూ రాళ్ల ఎడారి, అక్కడక్కడ పెట్రోలు బంకు. వంపులు లేని రోడ్డు డ్రైవర్‌ను నిద్రపుచ్చుతుంది. ఏసీ చల్లదనం పోకూడదని లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి వదిలేస్తే నలుగురి ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తు ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడప్పుడు బయటి గాలి తీసుకోవాలి.

చల్లగా ఉంటుందని అర్ధరాత్రి దాటాక బయల్దేరే అలవాటు మనవాళ్లకు ఉంది. ఊర్లో తిరుపతి ప్రయాణానికీ అంతే. ఈ దారిలో అది మంచి పద్ధతి కాదు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య మనిషి మెదడు అతి మందంగా ఉంటుంది. అదే చీకట్లో ఒంటెలు రోడ్డు దాటుతుంటాయి. ఒంటె కాళ్లు పొడుగు, ఒళ్లు ఎత్తు. బంపరు కాళ్లకు తగిలితే నాలుగైదు వందల కిలోల మొండెం బానెట్ మీదుగా సరాసరి అద్దం మీద, కప్పు మీద వచ్చి పడుతుంది. కారు ముందు భాగం నుజ్జయి దెబ్బను మింగే ఏర్పాటంతా ఇక్కడ దండగ. వెలుగు పడ్డాక బయల్దేరి మధ్యాహ్నానికి గది చేరుకోవడమే మేలు.

ఇక ఎండ. 70 కిలోల మనిషికి కిలో బరువుకు ఉన్న చర్మం కన్నా ఏడు కిలోల బిడ్డకు దాదాపు రెట్టింపు ఉంటుంది. చర్మం ఎక్కువంటే వేడి లోపలికి వచ్చే వాకిలి పెద్దదన్నమాట. పైగా చెమట పట్టే యంత్రాంగం ఇంకా సరిగా కుదరలేదు. కారు నడుస్తూ ఏసీ పనిచేస్తున్నంతసేపు ఇదేం తెలియదు. ప్రమాదమంతా ఆగినప్పుడే. 2005లో అమెరికాలో ఎండలో నిలిపిన కార్లలో వేడి కొలిచారు. బయట 22 నుంచి 36 డిగ్రీలున్న రోజుల్లో లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా రాలేదు. హైమాలో బయటే 44 ఉంటే మిగతా లెక్క మీరే వేసుకోండి. "బంకులో నీళ్ల బాటిల్ కొనుక్కుని వస్తా, బిడ్డ పడుకుంది, లేపొద్దు" అన్న మాట ఆ దారిలో ఎవరూ అనకూడదు. మళ్లీ ఎక్కేముందు తలుపులు తీసి ఏసీ వేసి రెండు నిమిషాలు ఆగాలి. సీటు బకిల్‌ను ముందు మీ చేత్తో ముట్టి చూడాలి. ఎండలో కాలిన ఆ ఇనుప ముక్క లేత తొడ మీద వాత పెడుతుంది. బండి చెడిపోతే సాయం వచ్చేదాకా ఎండలో ఎదురుచూడాలి కాబట్టి గొడుగు, పెద్దవాళ్లకు తలా ఐదు లీటర్ల నీళ్లు డిక్కీలో తప్పక ఉండాలి.

పెద్దవాళ్లకని రాయడానికి కారణముంది. నాయనమ్మ రెండో సలహా నీళ్ల గురించే ఉంటుంది: "ఎడారిల పోతున్నరు, నోరెండుతది, రెండు చెంచాల నీళ్లు పట్టియ్యి." ఆర్నెల్లు నిండని బిడ్డకు వద్దు. తల్లిపాలలో 87 శాతం నీరే. ఢిల్లీ వైద్యులు మండు వేసవిలో తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలను గమనించి 1991లో లాన్సెట్ పత్రికలో రాశారు: విడిగా నీళ్లు పట్టిన పిల్లలకు అదనంగా ఒరిగిందేమీ లేదు, వాళ్లు తాగే పాలు మాత్రం తగ్గాయి. ఇంకా లేతగా ఉన్న మూత్రపిండాలు ఎక్కువ నీటిని బయటికి పంపలేవు. రక్తంలో సోడియం పలచబడితే మూర్ఛ కూడా రావచ్చు. నీళ్లు తాగాల్సింది తల్లి. బిడ్డకు మామూలు కన్నా ఎక్కువసార్లు పాలివ్వాలి, అదీ కారు ఆపి. కదిలే కారులో సీటులోంచి తీసి పాలిస్తే పైన చేసిన లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బా పాలు తాగే బిడ్డయితే ఫ్లాస్కులో మరిగిన నీళ్లు వేరే, పొడి వేరే తీసుకెళ్లి అక్కడికక్కడ కలపాలి. నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకుండా ఉంటేనే పొడిలో ఉండే క్రిములు చస్తాయి. ఆ తర్వాత చల్లార్చి పట్టాలి. కలిపిన పాలు బయట రెండు గంటలు దాటితే పారబోయడమే. ఆరు నెలలు దాటినవాళ్లకు ఇంట్లో కొట్టించిన ఉగ్గు పొడి ఉండనే ఉంది. వేడినీళ్లు దొరికితే చాలు. ఒమన్ కొండల్లో మంచి తేనె దొరుకుతుంది. ఏడాది లోపు బిడ్డకు నాలుక మీద కూడా రాయొద్దు. తేనెలో ఉండగల క్లాస్ట్రీడియం బోటులినమ్ బీజాలు పసి పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి.

బిడ్డ ఒంట్లో నీరు తగ్గుతోందో లేదో కనిపెట్టడంలో మాత్రం నాయనమ్మే గురువు. ఆముదం రాసేటప్పుడు ఆమె వేలు ఆగే చోటు మాడు. పుర్రె ఎముకలు ఇంకా కలవని ఆ మెత్తటి చోటు మామూలుగా చదునుగా, నెమ్మదిగా కొట్టుకుంటూ ఉంటుంది. చాలామంది పిల్లల్లో ఏడాదిన్నరకల్లా పూడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే మాడు గుంట పడుతుంది. డాక్టరు కూడా మొదట చూసేది అదే. ఆగిన ప్రతిచోటా బిడ్డ నిటారుగా, ఏడవకుండా ఉన్నప్పుడు మాడు తడిమి చూడండి. రోజుకు కనీసం ఆరు డైపర్లు తడవాలి. ఆరేడు గంటలు డైపర్ పొడిగా ఉండి, ఏడిస్తే కన్నీళ్లు రాక, బిడ్డ మందకొడిగా అయితే ప్రయాణం అక్కడితో ఆపి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ దారిలో ఆసుపత్రులు నిజ్వా, హైమా, తుమ్‌రైత్ లాంటి ఊళ్లలోనే. మధ్యలో ఉండేది రోడ్డే.

కారు కదలగానే నిద్రపోయే బిడ్డ సిగ్నల్ దగ్గర ఆగగానే ఎందుకు లేస్తుంది? జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోదా బృందం 2013లో చూపింది: తల్లి ఎత్తుకుని నడిచినప్పుడు బిడ్డ గుండె వేగం వెంటనే తగ్గుతుంది, కదలికలు ఆగుతాయి. తల్లి కూర్చోగానే మళ్లీ మొదలు. ఎలుక పిల్లల్లోనూ ఇదే. తల్లి నోట కరచుకుని పారిపోయేటప్పుడు కదలకుండా ఉన్న పిల్లే బతికింది కాబట్టి ఈ గుణం తరాలుగా మిగిలి ఉండొచ్చు. కారు కుదుపు ఆ పాత మీటనే నొక్కుతుంది. కాబట్టి నిద్రవేళకు కారు నడిచేలా, మేలుకునే వేళకు ఆగేలా చూసుకుంటే సగం గోల తగ్గుతుంది. కారు తిప్పుడుకు వాంతులవుతాయని భయపడనక్కరలేదు. రెండేళ్ల లోపు పిల్లల్లో అది అరుదు, తొమ్మిది పదేళ్ల వయసులోనే ఎక్కువ.

కాగితాల సంగతి క్లుప్తంగా. బిడ్డకు సొంత పాస్‌పోర్టు, ఎమిరేట్స్ వీసా ఉండాలి. కారు బీమా ఒమన్‌లోనూ చెల్లేలా ఆరెంజ్ కార్డు తీసుకోవాలి. కారు కంపెనీ పేరు మీదో బ్యాంకు పేరు మీదో ఉంటే వాళ్ల అనుమతి పత్రం వెంట ఉండాలి. టీకాల కార్డు మరిచిపోవద్దు.

తుమ్‌రైత్ దాటి కొండ దిగేటప్పుడు రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. వందల మీటర్ల ఎత్తు తగ్గి చెవులు దిబ్బడ వేస్తాయి. మింగితే చెవి గొట్టం తెరుచుకుంటుంది కాబట్టి దిగుడు మొదలయ్యే ముందు ఆపి పాలివ్వవచ్చు, తర్వాత నోట్లో పీక పెట్టవచ్చు. ఇక పొగమంచు. ఎదుటి బండి లైటు కూడా కనిపించదు. అప్పటిదాకా ఏసీలో, పలచటి బట్టల్లో ఉన్న బిడ్డను దించి తుంపరలో నిలబెడితే తడిసిన బట్ట ఆరుతూ ఒంట్లో వేడి లాగేస్తుంది. వేడిని త్వరగా లోపలికి తెచ్చే ఆ చర్మమే దాన్ని త్వరగా పోగొడుతుంది కూడా. పొరలు పొరలుగా నూలు బట్టలు, తలకు టోపీ, మార్చడానికి పొడి జత చేతికందేలా ఉంటే చాలు. చలిగాలి తగిలి జబ్బు చేస్తుందన్న పెద్దల భయంలో సగమే నిజం. జలుబు తెచ్చేది వైరస్. తడిబట్ట మాత్రం బిడ్డను నిజంగానే వణికిస్తుంది.

సలాలా నుంచి క్షేమంగా తిరిగొచ్చిన ఈ కుటుంబమే ఏడాది చివర శంషాబాద్‌లో దిగుతుంది. ఔటర్ మీదుగా కండ్లకోయ, తూప్రాన్, కామారెడ్డి, ఇందల్వాయి దాటి డిచ్‌పల్లి రెండు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. 44వ జాతీయ రహదారి, లారీల వరస, రాంగ్ సైడులో ఎదురొచ్చే ట్రాక్టర్లు. ఇన్ని నెలలుగా బిడ్డను ఫోన్లోనే చూసిన నాయనమ్మ ఎదురొచ్చి ఒళ్లోకి తీసుకుంటుంది, కారు సీటేమో పెట్టెల మధ్య డిక్కీలో ఉంటుంది. మన మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో ప్రత్యేక సీటుతోనో కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అడిగేవాళ్లు కనిపించరు, అది వేరే మాట. చాలా విమాన సంస్థలు బిడ్డ కారు సీటును ఉచితంగానే తెస్తాయి, కాబట్టి సీటు లేదన్న సాకు ఉండదు. అసలు చిక్కు కిరాయి కారులో ఉంది. వెనక సీటుకు బెల్టులున్నా, కొత్తగా వేయించిన సీటు కవర్ల కింద బకిళ్లు కుక్కేసి ఉంటాయి. వాటిని బయటికి తీయాలంటే కవరు కుట్లు విప్పాలి. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు పార్కింగులో అది జరిగే పని కాదు. కారు మాట్లాడుకున్నప్పుడే డ్రైవర్‌కు చెప్పి, బకిళ్లు పైకి తీసిన ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.